కూతను ఆపే చేతులు

ముస్తాబాద్‌లో గానీ, పక్కన సిరిసిల్లలో గానీ, అటు కోరుట్ల, జగిత్యాల వైపు గానీ పండుగకు కబడ్డీ పోటీ పెట్టారంటే గీత చుట్టూ జనం మూగుతారు. కూతకు వెళ్లినవాడు ముగ్గురిని తాకి తిరిగొచ్చాడంటే ఈలలే ఈలలు. అదే కుర్రాణ్ని అవతలి జట్టు ఒడిసిపట్టి కూలేసినా కేకలు వేస్తారు. కానీ పట్టింది ఎవరని అడిగితే చాలామంది చెప్పలేరు. దుమ్ము లేస్తుంది, నలుగురు మీద పడతారు, అందరికంటే కింద ఒకడు కాలు పట్టుకుని ఉంటాడు. నేను చెప్పదలచుకున్నది ఆ కిందున్నవాడి గురించే. చెడుగుడు మన ఊళ్ల ఆట అని గొప్పగా చెప్పుకుంటాం గానీ, అందులో సగం విద్య అతని చేతుల్లో ఉందన్న సంగతి మనకు ఇంకా పట్టలేదు.

పురుషుల కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. అందులో సగం, అంటే ఆరున్నర మీటర్ల లోతు, ఏడుగురు కాపాడాలి. రెండు చివర్లలో కార్నర్లు, వాళ్ల పక్కన ఇన్‌లు, ఆ పక్కన కవర్లు, నడుమ సెంటర్. కూతకు వచ్చినవాడికి ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లూ ఏడుగురి కళ్లు అతని మీదే ఉంటాయి, పాదాలు మాత్రం ఒకరి కదలికను బట్టి మరొకరివి జరుగుతుంటాయి. ఒక మూల ముందుకు వంగితే రెండో మూల వెనక్కి తగ్గుతుంది. మంచి జట్టును పక్కనుంచి గమనిస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

కార్నర్‌లో నిలబడ్డవాడిది అన్నిటికంటే కష్టమైన చోటు. నడుమ గీత నుంచి బోనస్ గీత 4.75 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని వెనక అతనికి మిగిలేది 1.75 మీటర్ల జాగా మాత్రమే. ఒక అడుగు వెనక్కి వేస్తే గీత దాటి అవుట్. అందుకే కాళ్లు వెడల్పుగా పెట్టి, బరువంతా ముందరి పాదాల మీద మోపి, అరచేతులు మోకాళ్ల కిందికి దించి నిలబడతాడు. కూతగాడి చేతులనూ ముఖాన్నీ అతను చూడడు. అవి మోసం చేస్తాయి. నడుము చూస్తాడు, ఎందుకంటే మనిషి ఎటు వెళ్లాలన్నా ముందు నడుము తిరగాలి. ఆరుగురో ఏడుగురో కోర్టులో ఉన్నప్పుడు కూతగాడు బోనస్ పాయింటు కోసం ఒక కాలు గీత దాటిస్తాడు. అది చెల్లాలంటే వెనక కాలు గాలిలో ఉండాలి. అంటే ఆ క్షణంలో అతని ఒళ్లంతా ఒంటికాలి మీద ఉందన్నమాట. కార్నర్ కాచుకుని ఉండేది దానికే. ఒక చెయ్యి మడమ వెనక, ఇంకో చెయ్యి పాదం పైన పడాలి. పట్టిన కాలిని ఛాతీకి లాక్కోవాలి, భుజం అతని పిక్కకు ఆనించాలి. తల మాత్రం పక్కకు ఉంచాలి. తల ముందుకు పెడితే అతని మోకాలు వచ్చి ముఖానికి తగులుతుంది. లాగేది ఎప్పుడూ వెనక గీత వైపే.

ఇంత చేసినా పని సగమే అయినట్టు. పట్టు పడ్డ కూతగాడు పడుతూ పడుతూ చెయ్యి చాచి నడుమ గీతను వేలికొసతో ముట్టుకున్నా చాలు, అతన్ని తాకినవాళ్లంతా అవుట్. నలుగురు కలిసి పట్టి వదిలేస్తే నాలుగు పాయింట్లూ అవతలికి పోతాయి. అందుకే కాలు దొరికిన మరుక్షణం కవర్ వచ్చి కూతగాడికీ నడుమ గీతకూ మధ్య ఛాతీ అడ్డం పెట్టాలి. దాన్నే బ్లాక్ అంటారు. పరుగున వచ్చి భుజంతో పక్కకు తోసేస్తే డాష్. ఇద్దరు చేతులు కలిపి గొలుసులా అడ్డం నిలిస్తే చెయిన్. తొడలు రెండూ కలిపి పట్టి మనిషిని నేల నుంచి లేపేస్తే థై హోల్డ్. కూతగాడు వెనుదిరిగితే వెనక నుంచి నడుము పట్టు. ఏ పట్టయినా మొదటి చెయ్యి పడ్డాక రెండో మనిషి రావడంలో ఆలస్యం జరిగితే అంతా వృథా.

పట్టాల్సినప్పుడు పట్టడం కంటే పట్టకుండా ఆగడమే కష్టం. కూతగాడు ఊరిస్తాడు, చెయ్యి చాచి వెనక్కి తీసుకుంటాడు, కాలు చూపించి లాక్కుంటాడు. పదిహేనేళ్ల పిల్లవాడికి రక్తం ఉడుకుతుంది, ఒక్కడే ఎగబడతాడు, అవుట్ అవుతాడు. గీత బయట నిలబడ్డ సీనియర్ అరుస్తాడు: "తమ్మీ, తొందరపడకు! వాని కాలు లేచేదాక ఆగు!" ఈ ఒక్క మాట ఒంటికి పట్టడానికి ఏళ్లు పడుతుంది. జట్టుకు వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే కూతగాడే అవుట్. కాబట్టి తెలిసిన డిఫెన్స్ రెండు కూతలు వెనక్కి జరిగి ఊరుకుంటుంది, మూడో కూతకు వల బిగిస్తుంది. కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పట్టగలిగితే ఒకటికి రెండు పాయింట్లు. దాన్నే సూపర్ ట్యాకిల్ అంటారు. ఓడిపోతున్న జట్టు లేచి నిలబడేది చాలాసార్లు అక్కడే.

పట్టుకు విరుగుళ్లు కూడా పుట్టాయి. చెయిన్ కింద నుంచి వంగి దూరిపోయే డుబ్కీని కూతగాడు పర్దీప్ నర్వాల్ అందరికీ తెలిసేలా చేశాడు. 2017లో ప్రో కబడ్డీ లీగ్ ఒక్క సీజన్‌లోనే అతను 369 రైడ్ (కూత) పాయింట్లు చేశాడు. దానికి జవాబుగా డిఫెండర్లు చెయిన్‌ను కిందికి దించారు, మోకాళ్లు ఇంకా వంచారు. అప్పుడు కూతగాళ్లు పైనుంచి దూకడం పెంచారు. ఈ ఆట బతికి ఉన్నది ఇలాంటి ఎత్తు పైఎత్తుల వల్లే. ఇంత మొరటుగా కనిపించే ఆటలో కట్టుబాట్లు ఎంత గట్టివో కూడా చూడాలి. బట్టలు పట్టి లాగకూడదు, జుట్టు పట్టకూడదు, గొంతు నొక్కకూడదు, నోరు మూసి కూత ఆపకూడదు, కాళ్లతో కత్తెర వేయకూడదు. చేతులతో, ఒంటితో, కాళ్లూ నడుమూ పట్టి ఆపడమే పద్ధతి. పల్లెటూరి పిల్లలకు బలాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పే చదువు ఇంతకంటే మంచిది నాకు కనిపించదు.

చరిత్ర సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మహారాష్ట్రలోని అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ వాళ్లు 1936 బెర్లిన్ ఒలింపిక్స్ వేళ ఈ ఆటను అక్కడ ప్రదర్శించారు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది. అప్పటి నుంచి 2014 దాకా పురుషుల స్వర్ణం ఏడుసార్లూ మనదే. 2018 జకార్తా సెమీఫైనల్‌లో ఇరాన్ మనల్ని 27-18తో ఓడించింది. కుస్తీకి పేరుపడ్డ దేశం అది. మన కూతగాళ్లు ఆ రోజు ఇరాన్ మూలల్లో చిక్కుకుపోయారు. డిఫెన్స్ విలువ మనకు అంత గట్టిగా తెలిసొచ్చిన రోజు మరొకటి లేదు. ఆ జట్టు కార్నర్ అబోజర్ మిఘానీ ఆ ఏడాదే ప్రో కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్‌కు వచ్చి కుడి మూలన నిలబడ్డాడు. ఎడమ మూలన హిమాచల్ కుర్రాడు విశాల్ భరద్వాజ్. ఆ ఇద్దరి ఆట చూసినవాళ్లకు కార్నర్ అంటే ఏమిటో విడిగా చెప్పనక్కర్లేదు.

2014 జులైలో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక డిఫెండర్‌కు బతుకుతెరువు దొరికింది. 2018 వేలంలో ఈ లీగ్ చరిత్రలోనే మొదటిసారి కోటి రూపాయలు పలికినవాడు డిఫెండర్. ఇరాన్‌కు చెందిన ఎడమ కార్నర్ ఫజల్ అత్రాచలి. అదే వేలంలో టైటాన్స్ రాహుల్ చౌదరిని 1.29 కోట్లకు అట్టిపెట్టుకుంది. అతను కూతగాడు. కూతగాణ్నీ డిఫెండర్‌నూ కొలిచే కొలమానాల్లోనే తేడా ఉంది. పర్దీప్ లెక్క 1800 రైడ్ పాయింట్లు దాటితే, ఫజల్ లెక్క 500 ట్యాకిల్ పాయింట్లు దాటింది. తక్కువ ఆడినందువల్ల వచ్చిన తేడా ఎంతమాత్రం కాదిది. కూతగాడు ఒక్క కూతలో ముగ్గురిని తాకితే మూడు పాయింట్లు, ముగ్గురు కలిసి ప్రాణం పెట్టి పట్టినా మామూలుగా ఒక్కటే. ఇది తెలియకుండా పాయింట్ల పట్టిక చూసి ఆటగాణ్ని తూకం వేయడం అన్యాయం.

డిఫెండర్ ఒళ్లు త్వరగా అరుగుతుంది. మోకాలి లిగమెంట్లు తెగుతాయి, భుజం జారుతుంది, వేళ్లు వంకరపోతాయి. అయినా తమిళనాడుకు చెందిన ధర్మరాజ్ చేరలాతన్ సంగతి చూడండి. 1975లో పుట్టాడు. మొదటి సీజన్లలో టైటాన్స్‌కూ ఆడాడు. 2016లో పట్నాకు కెప్టెన్‌గా టైటిల్ గెలిపించాడు. నలభై అయిదు దాటాక కూడా లీగ్ కోర్టులో నిలబడ్డాడు. పరుగు తగ్గినా చూపు పదునెక్కితే డిఫెండర్ నిలదొక్కుకుంటాడనడానికి అతనే సాక్ష్యం.

మన దగ్గరి పిల్లలు మట్టిలో వట్టి కాళ్లతో ఆడతారు. పెద్ద పోటీలేమో మ్యాట్ మీద, బూట్లతో. మట్టి మీద పాదం జారుతుంది, మ్యాట్ మీద అతుక్కుంటుంది. మట్టికి అలవాటుపడ్డ కుర్రాడు మ్యాట్ మీద తిరగబోతే పాదం ఆగిపోతుంది, మోకాలు తిరుగుతుంది. ఎందరో మంచి పట్టుగాళ్లు ఈ దాటుడు దగ్గరే ఆగిపోతారు. ఆ తర్వాత దుబాయో, భివండీయో, సాంచెల (మరమగ్గాల) పనో. పోలీసు, రైల్వే, సైన్యం ఉద్యోగాలకు స్పోర్ట్స్ కోటా తలుపు ఉంది గానీ, అక్కడిదాకా తీసుకెళ్లేది పై స్థాయి పోటీల సర్టిఫికెట్. అది రావాలంటే పిల్లవాణ్ని సెలెక్షన్ రోజున ఎవరో ఒకరు గుర్తుపట్టాలి. ఎవరు పట్టారో చెప్పలేని జనం మధ్య ఆడే కుర్రాణ్ని గుర్తుపట్టేదెవరు?

ముస్తాబాద్ మండలంలోనూ చుట్టుపక్కలా పోటీలు పెట్టే యువజన సంఘాలకు, బడుల్లో పీఈటీ సార్లకు, టీచరమ్మలకు నా విన్నపం ఒకటే. ఈసారి కరపత్రంలో బెస్ట్ రైడర్ పక్కన బెస్ట్ డిఫెండర్ బహుమతి కూడా వేయించండి, రెండింటికీ ఒకే మొత్తం పెట్టండి. మైకులో స్కోరు చెప్పేటప్పుడు పట్టినవాడి పేరు కూడా చదవండి. రోజూ సాధనలో సగం సేపు పట్టు మీద పెట్టండి, తల ఎక్కడ ఉంచాలో మొదటి రోజే నేర్పండి. మండలానికి ఒక్క మ్యాట్ అయినా తెప్పించి ఊరూరి పిల్లలకు వంతులవారీగా ఇప్పించండి.