ఇద్దరు అన్నదమ్ములు: ‘మాలపల్లి’ లేవదీసిన ప్రశ్న

ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని గాంధేయ నవల అని తేల్చి పక్కన పెట్టడం మన విమర్శలో ఒక అలవాటు. తెలుగులో తొలి విప్లవ నవల అని నెత్తిన పెట్టుకోవడం మరో అలవాటు. రెండింటిలోనూ కొంత నిజం వున్నది. కాని రెండూ అసలు ప్రశ్నను దాటవేస్తున్నాయి. పరాయి పాలన మీద అసంతృప్తి ఎప్పుడు విప్లవమవుతుంది? ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది? 1922లో వెలువడి, మరుసటి ఏడే నిషేధానికి గురైన ఈ నవలను ఆ ప్రశ్నతో చదవాలి.

కృష్ణా డెల్టాలో ఆ అసంతృప్తి పుట్టుక తెలుసుకోవాలంటే బెజవాడ ఆనకట్ట దగ్గర మొదలుపెట్టాలి. 1832–33 కరువుకు గుంటూరు సీమ వల్లకాడయింది. జనంతోపాటు దొరతనం రాబడీ పడిపోయింది. 1855 నాటికి కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేచింది. కాలువల వెనక జాలి లేదనలేం. కాని శిస్తు లెక్క లేకుండా అవి సాగలేదు. చిత్రమేమంటే ఆ నీళ్లే దొరతనానికి ఎదురు తిరిగే వర్గాన్నీ పెంచాయి. వరి అమ్మి నాలుగు డబ్బులు కళ్లజూసిన రైతు కొడుకును బందరుకో, రాజమహేంద్రవరానికో చదువుకు పంపాడు. 1902లో బందరులో ‘కృష్ణాపత్రిక’ పుట్టింది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలకు విద్యార్థులు ఉడుకెత్తారు. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్లారు.

అయినా అది విప్లవం కాదు. ఎంత ఘాటుగా రాసినా అప్పటికది మొరే. మొరపెట్టుకునేవాడు ఎదుటివాడి అధికారాన్ని ఒప్పుకొనే మొరపెట్టుకుంటాడు. ఆ అధికారం తన సహాయం లేకుండా నడవదని జనానికి తెలిసిననాడు పరిస్థితి మారుతుంది. మన ప్రాంతంలో అది 1921లో తెలిసింది. మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని చీరాల–పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు విడిచి, పాకల్లో నెలల తరబడి కాపురమున్నారు. మరుసటి ఏడు మొదట్లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వాన శిస్తు నిలిపివేశారు. కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చారు. దొరతనమంటే మద్రాసు కోట అనుకున్నవాళ్లకు, అది తమ ఊరి కరణం లెక్కల పుస్తకంలో వున్నదని అర్థమైంది. అప్పుడు దొరలు సైన్యాన్ని పిలిపించారు.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన తర్వాత కాంగ్రెసు ఉద్యమాన్ని ఆపివేసింది. బార్డోలీ తీర్మానాలు హింసను ఖండించి ఊరుకోలేదు. జమీందార్లకు శిస్తు ఎగవేయడం కాంగ్రెసు తీర్మానాలకు విరుద్ధమని రైతులకు బోధించాలన్నాయి. జమీందార్ల హక్కులకు భంగం రాదని హామీ ఇచ్చాయి. నాయకత్వం దేనికి భయపడిందో ఇంతకంటె వివరించి చెప్పనక్కరలేదు.

కాని తప్పంతా నాయకత్వం నెత్తిన రుద్ది చేతులు దులుపుకుంటే చాలదు. శిస్తు ఆగితే మిగిలేది పొలమున్నవాడికే. సెంటు భూమి లేని కూలికి ఆ పోరాటంలో వచ్చేదేమిటి? రైతుకు సామ్రాజ్యం శిస్తు రూపంలో కనిపించింది. కూలికి మాత్రం రోజూ రైతు రూపంలోనే కనిపించింది. ఈ రెండో ముఖాన్ని చూసినవారు, పల్నాటి ఉద్యమానికి సంబంధించి జైలుకు వెళ్లి అక్కడ ‘మాలపల్లి’ రాసిన ఉన్నవగారు.

నవలలో సంగదాసును చంపింది తెల్లదొర కాదు, ఊరి ఆసామి చౌదరయ్య. తగవు కూలి దగ్గర వచ్చింది. అయితే చౌదరయ్య ఒంటరివాడు కాడు. కేసు మాసిపోవడానికి డబ్బు వున్నది, డబ్బుకు లొంగే యంత్రాంగం వున్నది. రామదాసు కుటుంబాన్ని తుదకు సెటిల్మెంటు పాలు చేసిందీ ఆ యంత్రాంగమే. ఊరి భూస్వామ్యం, పరాయి ప్రభుత్వం ఒకదాన్నొకటి ఎట్లా మోస్తున్నాయో ఆనాటి మన వ్యాసాలు చెప్పలేనంత స్పష్టంగా ఈ కథ చెప్పింది.

నవల బలహీనత కూడా ఇక్కడే వున్నది. సంగదాసుకు సంఘం వున్నది, శాంతం వున్నది. ఎదుటి వర్గం చేతి దెబ్బకు సిద్ధపాటు లేదు. తమ్ముడి చావు తర్వాత వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై, ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెడతాడు. అతనికి కోపం వున్నది, సాహసం వున్నది, సంఘం లేదు. ఒక్క మనిషిలో కలవవలసిన రెండు శక్తులను రచయిత ఇద్దరు అన్నదమ్ములకు పంచి, ఇద్దరినీ చంపివేశారు. మిగిలింది రామదాసు వైరాగ్యం, పెద్దల హృదయపరివర్తన. దీన్ని రచయిత లోపమనేకంటె కాలం లోపమనడం న్యాయం. ఆ రెండూ కలిసిన ఉద్యమం 1922లో ఆయన కళ్లెదుట లేదు. లేనిదాన్ని ఉన్నట్టు రాసివుంటే అది నినాదమయ్యేది, నవల అయ్యేది కాదు.

ఆ కలయికకు తర్వాత ప్రయత్నం జరిగింది. 1934లో ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ ఏర్పడింది. వ్యవసాయ కూలి సంఘాలు లేచాయి. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో సంఘమూ సాహసమూ ఒకచోట నిలిచాయి. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ ఆ పోరాటాన్నే రంగస్థలమెక్కించింది.

మరి డెల్టాలో? ఇక్కడ ఉద్యమ నాయకుల్లో చాలామంది భూమిగల ఇళ్లనుంచి వచ్చినవారు. వారి త్యాగాన్ని శంకించనక్కరలేదు. కాని శిస్తు మీద లేచినంత కోపం మాలపల్లె మీద పడే దెబ్బకు ఊళ్లలో లేచిందా? 1985 జూలైలో చీరాల పక్కనే కారంచేడులో, 1991 ఆగస్టులో తెనాలి దాపున చుండూరులో దళితులను చంపింది తెల్లదొరలు కారు. ఒకనాడు పన్ను ఎగవేసి పాకల్లో కాపురమున్న చీరాలకే, కారంచేడు బాధితులు ప్రాణాలు దక్కించుకోవడానికి చేరుకున్నారు.

అందుచేత ‘మాలపల్లి’ని గ్రంథాలయం బీరువాలో గౌరవంగా దాచిపెట్టే రోజు ఇంకా రాలేదు. తరగతిలో ఈ నవల చెప్పే ఉపాధ్యాయుడు సంగదాసు మంచితనం దగ్గర ఆగిపోకూడదు. ఆ శవం ఎవరి పొలం గట్టున పడిందో, ఊళ్లో ఎందరు చూసి ఊరుకున్నారో అడగాలి. ఆ ప్రశ్నకు విద్యార్థి తన ఊరి పేరుతో జవాబు చెప్పగలిగిననాడు, ఉన్నవగారు విడదీసిన అన్నదమ్ములు మళ్లీ కలుసుకోవడం మొదలవుతుంది.