ఒకే విజయం, రెండు కథనాలు: వ్యాపార వ్యూహ పఠనంలో హోండా ఉదాహరణ

వ్యాపార వ్యూహంలో తొలిపాఠాలు చదివే విద్యార్థులు, ముఖ్యంగా గణితం, ఇంజనీరింగు నేపథ్యం నుంచి వచ్చినవారు, ప్రతి విజయం వెనుక ముందే వేసుకున్న లెక్క ఉంటుందని భావిస్తారు. ఆ భావనను పరీక్షించడానికి అమెరికా మోటారుసైకిళ్ళ విపణిలో హోండా సాధించిన విజయం తగిన ఉదాహరణ. దానిని రెండు రచనలు భిన్నంగా వ్యాఖ్యానించాయి.

మొదటిది బ్రిటిష్ ప్రభుత్వం కోసం బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 1975లో రూపొందించిన నివేదిక. జపాను సంస్థలు స్వదేశంలో చిన్న బండ్లను భారీ సంఖ్యలో తయారుచేసి, వ్యయాన్ని తగ్గించుకొని, ఆ బలంతో విదేశీ విపణుల్లో విస్తరించాయని ఇది వివరించింది. ఇందులో కార్యకారణ సంబంధం స్పష్టం. మనుషుల సందేహాలు, పొరపాట్లు మాత్రం కనిపించవు.

రెండవది రిచర్డ్ పాస్కల్ 1984లో ప్రచురించిన వ్యాసం. 1959లో లాస్ ఏంజెలెస్ చేరిన హోండా అధికారులతో 1982లో జరిపిన సంభాషణ దీనికి ఆధారం. వారు ప్రధానంగా అమ్మదలచినవి 250, 305 సి.సి. బండ్లు. అమెరికాలో వాటిని ఎక్కువ దూరం, ఎక్కువ వేగంతో నడపడం వల్ల ఆయిల్ కారింది, క్లచ్‌లు పాడయ్యాయి. అధికారులు సొంత పనులకు వాడుకుంటున్న 50 సి.సి. సూపర్ కబ్ మాత్రం చూపరులను ఆకర్షించింది. అప్పటివరకు సంకోచించిన సంస్థ చివరికి చిన్న బండ్లనే ముందుకు తెచ్చింది.

దీన్నిబట్టి విశ్లేషణ వ్యర్థమని తేల్చడం తొందరపాటు. పాస్కల్ కథనం ఇరవై యేళ్ళకు పైగా గడిచాక విజేతలు చెప్పిన జ్ఞాపకం. జ్ఞాపకం కొన్నింటిని నిలుపుకొని కొన్నింటిని వదిలేస్తుంది. పైగా, చిన్న బండ్లను చౌకగా తయారుచేసే సామర్థ్యం ముందే లేకపోతే ఆ యాదృచ్ఛిక అవకాశం ఫలించేది కాదు. ఆ సామర్థ్యాన్ని వివరించినది మొదటి కథనమే. అయితే సామర్థ్యాన్ని నిరూపించినంత మాత్రాన సంకల్పాన్ని నిరూపించినట్లు కాదు. ఫలితం నుంచి వెనక్కి నడిచి ఉద్దేశాన్ని ఊహించడమే ఇక్కడి పఠనదోషం.

తెలుగు విద్యార్థి విషయంలో ఈ దోషానికి భాష కూడా కొంత తోడ్పడుతుంది. ‘వ్యూహం’ అనగానే స్ఫురించేది ద్రోణుడు పన్నిన పద్మవ్యూహం, అంటే పోరుకు ముందే తీర్చిన సేనావిన్యాసం. హెన్రీ మింట్జ్‌బర్గ్ ప్రతిపాదించినట్లు, ఆచరణలో క్రమంగా రూపుదిద్దుకునే వ్యూహానికి ఈ అర్థంలో చోటు లేదు. కనుక బోధనలో ఆ పదం అర్థాన్ని విస్తరించడం అవసరం. ఏ సంస్థ చరిత్ర చదివినా ఏది సామర్థ్యానికి సాక్ష్యం, ఏది సంకల్పానికి సాక్ష్యం, ఆ సాక్ష్యం ఎప్పుడు నమోదైంది అనే మూడు ప్రశ్నలు వేసుకోగలిగితే తొలిపాఠం సార్థకమవుతుంది.