చివరి కాగితం ముందు

ట్రయల్‌కి సిద్ధమయ్యేటప్పుడు నేను ముందుగా రాసేది అన్నిటికన్నా ఆఖర్న వాడే కాగితం. జ్యూరీ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాక వాళ్ల చేతిలో ఉండే ప్రశ్నల పత్రం అది. వర్డిక్ట్ ఫామ్ అంటాం. అమెరికా ఫెడరల్ కోర్టులో సివిల్ కేసు ఎన్నేళ్లు నడిచినా, ఎన్ని వేల పేజీలు పోగుపడినా, చివరికి ఆరు నుంచి పన్నెండు మంది మామూలు మనుషులు ఆ నాలుగైదు ప్రశ్నలకు ఒకే మాటగా జవాబు రాయాలి. ఆ ప్రశ్నలేమిటో తేల్చుకోకుండా సాక్షుల జాబితా ముట్టుకోకూడదని నా నమ్మకం.

ఒక కేసు చెబుతాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు మార్చాను. న్యూజెర్సీలో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంట చేసిన గోదావరి జిల్లా మనిషి, అరవై దాటినవాడు. వారానికి ఆరు రోజులు, పొద్దుట్నించి రాత్రి దాకా పని. జీతం మాత్రం నెలకింత అని ఒకటే మొత్తం. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం ఆయన లాంటి వాళ్లకు వారంలో 40 గంటలు దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. యజమాని గంటల లెక్క రాయలేదు. లెక్కే లేనప్పుడు కేసెక్కడిదని చాలామంది ఊరుకుంటారు. దీనికి 1946లోనే మౌంట్ క్లెమెన్స్ పాటరీ కేసులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది: లెక్క రాయాల్సిన బాధ్యత యజమానిది, రాయనందుకు శిక్ష పనివాడికి పడకూడదు, ఎంత పని జరిగిందో సహేతుకంగా అంచనా కట్టగలిగే సాక్ష్యం అతను చూపితే చాలు.

అలా నా కాగితం మీద నాలుగు ప్రశ్నలు తేలాయి. 40 గంటలు దాటి పనిచేశాడా? అది యజమానికి తెలుసా, కనీసం తెలిసి ఉండాల్సిందా? ఎన్ని గంటలు? చట్టాన్ని తెలిసే ఖాతరు చేయలేదా? ఈ నాలుగోది ఎందుకంటే మామూలుగా రెండేళ్ల వెనక దాకానే బకాయి అడగొచ్చు, తెలిసి చేశాడని తేలితే మూడేళ్లు.

ఒక్కో ప్రశ్న కింద ఎవరు చెబుతారు, ఏ కాగితం చూపిస్తుంది అని రాసుకుంటూ పోతాను. ఏ ప్రశ్న కిందా చేరని కాగితాన్ని, ఎంత ముచ్చటైనదైనా సరే, పక్కన పెట్టేస్తాను. ఈ కేసులో మిగిలినవాటిలో నాకు ప్రాణం లాంటివి కూరగాయల స్లిప్పులు. సరఫరా కంపెనీకి సబ్‌పీనా (కాగితాలు ఇవ్వమనే కోర్టు ఉత్తర్వు) పంపి తెప్పించుకున్నాం. పల్చటి పసుపు కాగితాలు, పైన మూలన తేదీ, టైము, కింద తెలుగులో వంటాయన సంతకం. 6:40. 6:35. 6:50. ఆయన డ్యూటీ పదింటికి మొదలయ్యేదని డిపోజిషన్‌లో, అంటే ట్రయల్‌కి ముందు తీసుకునే వాంగ్మూలంలో, ప్రమాణం చేసి చెప్పాడు యజమాని. స్లిప్పులు నిజమైనవేనని ఆ కంపెనీలో రికార్డులు చూసే ఉద్యోగి ధ్రువపత్రం ఇస్తే ఆ ఉద్యోగి కోర్టుకు రావక్కర్లేదు. కాకపోతే ఆ సంగతి అవతలి పక్షానికి ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఇక్కడి తయారీలో ముప్పాతిక ఇలా ముందే తెలియజేయడం. ఎవరిని పిలుస్తామో, ఏ ఎగ్జిబిట్లు చూపుతామో ట్రయల్‌కి 30 రోజుల ముందు ఇచ్చేయాలి. జడ్జి వేరే గడువు పెట్టకపోతే అభ్యంతరాలకు 14 రోజులు. ఫైనల్ ప్రీట్రయల్ ఆర్డర్ వచ్చాక దాన్ని మార్పించడం దాదాపు అసాధ్యం. సినిమాల్లో లాగా ఆఖరి నిమిషంలో కొత్త సాక్షి తలుపు తోసుకుని రాడు.

ఇంత కష్టపడినా ట్రయల్ జరుగుతుందన్న నమ్మకం లేదు. 1962లో ఫెడరల్ కోర్టుల్లో ముగిసిన సివిల్ కేసుల్లో 11.5 శాతం ట్రయల్ దాకా వచ్చినవి. 2002 నాటికి 1.8 శాతం. తర్వాత ఇంకా తగ్గింది. అయినా సిద్ధమైన లాయరుకు వచ్చే రాజీ ప్రతిపాదన వేరు, సిద్ధంకాని లాయరుకు వచ్చేది వేరు. ఆ తేడా క్లయింటు జేబులో తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, కష్టమైన పని సాక్షితో కూర్చోవడం. మన దేశంలో సివిల్ దావాలో సాక్షి మొదటి వాంగ్మూలాన్ని (చీఫ్) అఫిడవిట్‌గా దాఖలు చేస్తారు. ఇక్కడ ప్రతి ముక్కా జ్యూరీ ముందు సాక్షి నోటివెంట రావాలి. జవాబును ప్రశ్నలోనే అందించడానికి నాకు వీల్లేదు. అలాగని ఏం చెప్పాలో నేర్పితే అది అబద్ధపు సాక్ష్యానికి దారి. అందుకని ఆయనకు వినడం అలవాటు చేయిస్తాను. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగడం, తలూపకుండా నోటితో చెప్పడం (కోర్టు రిపోర్టరు తలూపడాన్ని రాయలేరు), తెలియకపోతే తెలియదనడం.

ఒక సాయంత్రం అడిగాను: "మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఏం చేసేవారు బాబాయ్ గారూ?"

"పైన గదిలో కాస్త నడుం వాల్చేవాణ్ణమ్మా."

"రోజూనా?"

"శని, ఆదివారాలు కుదిరేది కాదు. మిగతా రోజులు పడుకునేవాణ్ణి." కాసేపు ఊరుకుని, "అది కూడా చెప్పాలా?" అన్నాడు.

"చెప్పాలి. వాళ్లు అడిగేలోపు నేనే అడుగుతాను."

పూర్తిగా పని వదిలి పడుకున్న గంటలకు కూలి అడిగే హక్కు లేదు. ఆ రాత్రే లెక్కలోంచి తీసేశాం. మొత్తం తగ్గింది, ఆయన ముఖం చిన్నబోయింది. కానీ ఆ రెండు గంటలను తనంతట తాను ఒప్పుకున్న మనిషి మిగతా గంటల గురించి చెప్పేది జ్యూరీ నమ్ముతుంది.

దుబాసీ సంగతీ చూసుకోవాలి. ప్రైవేటు వ్యక్తుల మధ్య దావాల్లో సాధారణంగా ఆ ఏర్పాటు మాదే. ఆయన కొడుకు తానే అనువదిస్తానన్నాడు, వద్దన్నాను. గోదావరి యాస తెలిసిన దుబాసీ దొరికాక ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, వంటింటి మాటలు, పాత్రల పేర్లు ఒకరివి ఒకరికి తెలిసేలా చేశాను.

ఈ కేసు రాజీ కాలేదు. ట్రయల్లో స్లిప్పులు చూపగానే అవతలి లాయరు లేచి హియర్‌సే, అంటే కోర్టు బయటి మాట, సాక్ష్యంగా చెల్లదు అన్నాడు. గడువులోగా ఆ అభ్యంతరం దాఖలు చేయలేదు గనక జడ్జి తోసిపుచ్చారు. మూడు ప్రశ్నలకు జ్యూరీ మావైపు రాసింది. నాలుగోదానికి కాదంది, మూడో ఏడాది బకాయి పోయింది. యజమాని మనసులో ఏముందో రుజువు చేయడం ఎప్పుడూ కష్టమే.

రెట్టింపు పరిహారం విషయం జడ్జి చేతిలోది. అది తప్పించుకోవాలంటే, తాను చేసింది చట్టబద్ధమేనని నిజాయితీగా, తగిన కారణంతో నమ్మానని యజమాని చూపుకోవాలి. చూపలేకపోయాడు. బకాయితోపాటు అంతే మొత్తం మళ్లీ వచ్చింది. మా ఫీజు కూడా చట్టప్రకారం యజమానే కట్టాడు. లాయరు ఫీజుకు భయపడి గంటల లెక్క మింగేసి ఊరుకునే మనవాళ్లు ఈ ఊళ్లలో చాలామంది ఉన్నారు, వాళ్ల కోసం ఈ మాట రాస్తున్నాను.