హైబరీకి దారి

పాత ఫుట్‌బాల్ స్టేడియం చరిత్ర అనగానే మనకు గోల్సూ కప్పులూ గుర్తొస్తాయి. లండన్‌లోని హైబరీ కథను మాత్రం రైలు స్టేషన్ నుంచి చెప్పుకొస్తేనే న్యాయం అని నా అభిప్రాయం. 1886లో వూలిచ్ ఆయుధ కర్మాగారం కార్మికులు పెట్టుకున్న జట్టు ఆర్సెనల్. వాళ్లు ఆడిన మైదానం థేమ్స్‌కు దక్షిణాన, నగరానికి ఓ మూలనున్న ప్లమ్‌స్టెడ్‌లో ఉండేది. ఊరి నడిబొడ్డు నుంచి అక్కడికి వెళ్లిరావడం ప్రయాసే. 1910 నాటికి క్లబ్ ఆర్థికంగా కుప్పకూలింది. 1912-13లో 38 లీగ్ మ్యాచ్‌లలో మూడే గెలిచి రెండో డివిజన్‌కు జారిపోయింది. అప్పటికి పగ్గాలు పట్టిన హెన్రీ నోరిస్ జట్టును నది దాటించి, ఉత్తర లండన్‌లో 1906లో తెరిచిన గిలెస్పీ రోడ్ ట్యూబ్ స్టేషన్ పక్కకు తెచ్చాడు. అక్కడి సెయింట్ జాన్స్ మతవిద్యా కళాశాల ఆటస్థలాన్ని 20,000 పౌండ్లకు 21 ఏళ్ల లీజుకు తీసుకున్నాడు. గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ నాడు ఆట ఉండకూడదన్న షరతుకూ తలూపాడు. అదే హైబరీ. అక్కడ 1913 సెప్టెంబరు 6న తొలి మ్యాచ్ జరిగింది. రెండో డివిజన్‌లో ఆడుతున్నా జనం మునుపటికన్నా బాగా పెరిగారు.

జనాన్ని రప్పించింది రైలు కాదు, హెర్బర్ట్ చాప్‌మన్ తయారుచేసిన జట్టు అనేవాళ్లున్నారు. 1930లో ఎఫ్‌ఏ కప్, 1931లో లీగ్ గెలిపించిన మేనేజర్ ఆయన. ఆ ఘనత కాదనలేనిది. అయితే ఆయన వచ్చింది 1925లో. జనం పెరగడం అంతకు పన్నెండేళ్ల ముందే మొదలైంది. పైగా గెలుపు ఒక్కటే చాలని చాప్‌మనే అనుకోలేదు. టికెట్లు, మ్యాపులు మార్చాల్సి వచ్చినా సరే, రైల్వే వాళ్లను ఒప్పించి 1932లో స్టేషన్‌కు ఆర్సెనల్ పేరు పెట్టించాడు. నగరమంతటా గోడల మీది మ్యాపుల్లో క్లబ్ పేరు కనిపించడం ఎంత విలువైనదో ఆయనకు బాగా తెలుసు. 1935లో సండర్లాండ్‌తో మ్యాచ్‌కు 73,295 మంది వచ్చారంటే అందులో జట్టుకూ వాటా ఉంది, దారికీ ఉంది. స్టేషన్ పక్కనున్న ప్రతి క్లబ్బూ గొప్పది కాలేదన్న మాట నిజమే. దారి గెలిపించదు, గెలిచే జట్టును చూడటానికి వచ్చేవాళ్లకు అడ్డు తొలగిస్తుంది.

దీనికన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. జట్టును పుట్టించిన వూలిచ్ కార్మికుల నుంచి దాన్ని లాక్కుపోయారు కదా? అవును, వాళ్లకు జరిగిన నష్టాన్ని ఏ రైలూ పూడ్చలేదు. హైబరీ వైభవం రాసేటప్పుడు ఆ మాటను ఓ మూలకు నెట్టేయడం నాకు తప్పుగానే తోస్తుంది. ఆ ఎడబాటు ఎంత పెద్దదో తర్వాతి తరం నిర్వాహకులకు అర్థమయిందనుకుంటాను. చుట్టూ ఇళ్లు కమ్ముకున్న హైబరీలో, అందరికీ కుర్చీలు వేశాక, సుమారు 38,000 మందికే చోటు మిగిలింది. ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లను 1998 నుంచి రెండు సీజన్లపాటు వెంబ్లీలో ఆడారు, అక్కడ జనం పోటెత్తారు కూడా. అయినా ఊరి అవతలికి మకాం మార్చలేదు. 2006లో 60,000 మంది పట్టే కొత్త స్టేడియంను అర కిలోమీటరు దూరంలోనే కట్టుకున్నారు. మ్యాచ్ రోజున అక్కడికి వెళ్లే అభిమానుల్లో ఎందరో నేటికీ దిగేది నోరిస్ ఎంచుకున్న ఆ స్టేషన్‌లోనే.