లేని రహస్యం చుట్టూ అల్లిన రాణి కథ

కాకతీయ రుద్రమదేవి 1262 నుంచి 1289 దాకా, అంటే 27 ఏళ్ళు, ఓరుగల్లు రాజ్యాన్ని ఏలింది. 2015 అక్టోబరులో విడుదలైన గుణశేఖర్ సినిమా ‘రుద్రమదేవి’ ఆ 27 ఏళ్ళ గురించి కాదు. ఆమె ఆడపిల్ల అన్న సంగతి ఎప్పుడు బయటపడుతుంది, బయటపడితే ఏమవుతుంది అన్న ఉత్కంఠ గురించి. పరిపాలన గురించి పాత్రలు మాట్లాడుకుంటాయి. తెర మీద ఎక్కువసేపు కనిపించేది మాత్రం సింహాసనం దాకా సాగిన దారి, ఆ దారికి అడ్డుపడ్డ శత్రువులు, చివరి యుద్ధం. యుద్ధం గెలవడంతో కథ అయిపోతుంది. ఒక రాజు కథ మొదలయ్యేది అక్కడే కదా అనిపిస్తుంది నాకు.

గణపతిదేవుడికి మగసంతానం లేదు. పుట్టింది ఆడపిల్ల అని తెలిస్తే సామంతులూ పొరుగు రాజులూ మీదపడతారని, మంత్రి శివదేవయ్య సలహా మీద మగపిల్లవాడు పుట్టాడని లోకానికి చాటిస్తారు. రుద్రదేవుడన్న పేరుతో పెంచుతారు. ఊహ తెలిశాక తానెవరో గ్రహించిన రుద్రమ, రాజ్యం కోసం ఆ వేషంలోనే ఉండిపోతుంది. ముక్తాంబతో పెళ్ళి కూడా జరుగుతుంది. చివరికి రహస్యం బట్టబయలవుతుంది, గద్దె దిగాల్సివస్తుంది. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తుతాడు. అంతవరకూ బందిపోటుగా తిరిగిన గోన గన్నారెడ్డి ఆమె పక్షాన నిలబడతాడు.

మెచ్చుకోవలసింది ముందు చెప్పాలి. కథానాయికను నాలుగు పాటలకీ ఒక కన్నీటి సన్నివేశానికీ పరిమితం చేసే మన వ్యాపార సినిమాలో, ఒక స్త్రీని పేరుపాత్రలో నిలబెట్టి అంత ఖర్చుతో త్రీడీలో చిత్రం తీయడం చిన్న విషయం కాదు. అనుష్క గుర్రమెక్కినా కత్తి పట్టినా ఆ పని తనకు అలవాటేనన్నట్టు ఉంటుంది. తెలంగాణ ఏర్పడిన మరుసటి ఏడాదే వచ్చిన ఈ ఓరుగల్లు కథకి అక్కడి ప్రభుత్వం వినోదపు పన్ను కూడా మినహాయించింది. నా పేచీ ఆ రహస్యంతోనే.

మగపిల్లవాడిగా పెంచారన్న కథ సినిమా కొత్తగా పుట్టించింది కాదు. జనం నోట, నవలల్లో ముందునుంచీ ఉంది. దానికి ఊతమిచ్చింది శాసనాలు. వాటిలో ఎక్కువచోట్ల ఆమె ‘రుద్రదేవ మహారాజు’. కానీ దాచిపెట్టిన మనిషి జీవితం అలా ఉండదు. నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో ఆమెకు పెళ్ళయింది. ముగ్గురు కూతుళ్ళున్నారు. ఒక కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడే తర్వాత రాజయ్యాడు. అతని ఆస్థానంలో ‘ప్రతాపరుద్రీయం’ రాసిన విద్యానాథుడు, గణపతిదేవుడు కూతురికి రుద్రుడని మగపేరు పెట్టుకున్నాడన్న సంగతిని దాచుకోలేదు. ఇందులో రహస్యమెక్కడుంది?

చరిత్రకారిణి సింథియా టాల్బట్ 1995లో రాసిన వ్యాసంలో రుద్రమను ‘ఆడరాజు’గా చూసింది. ఆ చూపు నాకు చాలా తెరిపినిచ్చింది. మన భాషలో రాణి అంటే ముందుగా గుర్తొచ్చేది రాజు భార్య. రుద్రమ ఎవరి భార్యగానూ ఏలలేదు, తానే రాజు. రాజరికం మగవాళ్ళ కోసం కుట్టిన పదవి కాబట్టి అందులో కూర్చున్న స్త్రీకి మగపేరు, మగ బిరుదు తగిలించారు. ఇది కూడా పితృస్వామ్యమే, సందేహం లేదు. కానీ మోసం వేరు, పదవి పేరు వేరు. ఆడదని తెలిసే అప్పటివాళ్ళు ఆమెను మహారాజన్నారు. తెలిస్తే ఆ కాలం ఒప్పుకునేది కాదని 2015లో మనం కథ చెప్పుకున్నాం. ఒప్పుకోనిది ఏ కాలమో ఆలోచించాలి.

రుద్రమను ఎవరో ఒక మగవాడికి ఆనించకుండా చెప్పలేకపోవడం ఈ సినిమాకే పరిమితం కాదు. పదమూడో శతాబ్దం చివర్లో మోటుపల్లి రాజ్యం గురించి రాసిన మార్కో పోలో, న్యాయంగా ఏలే ఒక స్త్రీ ఉందని మెచ్చుకున్నాడు. అయితే ఆమె భర్త పోయిన రాజపత్ని అన్నాడు. తర్వాతెప్పుడో వచ్చిన ‘ప్రతాపచరిత్ర’ కూడా ఆమెను గణపతిదేవుడి భార్యను చేసింది. కూతురు తండ్రి తర్వాత రాజవడం ఊహకి అందని చోట భార్య అన్న మాట సర్దుకుపోతుంది. కాలం మారింది, భార్య కథ పోయింది. ఆ స్థానంలోకి రక్షకుడొచ్చాడు.

ఆ రక్షకుడే గోన గన్నారెడ్డి. అడవి బాపిరాజు నవల నుంచి తెరకెక్కిన ఈ పాత్రను అల్లు అర్జున్ వేశాడు. హాల్లో ఈలలు పడింది అతనికే. తెలుగు చారిత్రక నవలల మీద పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు బాపిరాజును చదివాను. నవల పేరే ‘గోన గన్నారెడ్డి’ కాబట్టి అక్కడ అతను నాయకుడవడంలో అన్యాయమేమీ లేదు. రుద్రమదేవి పేరు పెట్టుకున్న సినిమాలో మాత్రం చురుకూ చమత్కారమూ తెలంగాణ మాటలోని జీవమూ అతనికి ఇచ్చి, ఓరుగల్లును ఏలే ఆమెకు పుస్తకాల భాష మిగిల్చారు. అతను నవ్విస్తాడు, ఆమె త్యాగం చేస్తుంది. అదే గోన వంశంలో బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక ఉంది. బూదపురంలో శాసనం వేయించిన ఆమెను తొలి తెలుగు కవయిత్రిగా గుర్తించిన సాహిత్య చరిత్రకారులున్నారు. ఆ ఇంటినుంచి ఒకరిని తెర మీదికి తేవాలనుకుంటే కత్తి పట్టిన అన్నే ఎందుకు గుర్తొస్తాడు, కలం పట్టిన ఆడబిడ్డ ఎందుకు గుర్తురాదు?

ఇక ఆహార్యం. నీతా లుల్లా దుస్తులు, బరువైన నగలు, కవచాలు కన్నుల పండుగే. కానీ ఆ బట్టలు మోసే అర్థం నన్ను ఇబ్బంది పెట్టింది. కవచంలో ఉన్నప్పుడు ఆమె ఒక వేషం. ఒంటరిగా చీరా నగలూ వేసుకున్నప్పుడు అసలు మనిషి. వీరభద్రుడు ప్రేమించేది ఆ రెండో మనిషినే. కెమెరా కూడా అప్పుడే మెత్తబడి, నెమ్మదించి, ఆమె ఒంటిమీద ఆగుతుంది. రాజ్యమేలడం ఆమె కర్తవ్యం, ముస్తాబవడం ఆమె స్వభావం అని మాటల్లో చెప్పకుండానే చెప్పేశారు. కత్తి తిప్పడం కూడా ఆమె స్వభావమే అయ్యుండొచ్చని ఎవరికీ తోచలేదు. పెళ్ళిచేసుకుని వచ్చిన ముక్తాంబ బతుకేమిటన్న ప్రశ్న దగ్గరా సినిమా ఎక్కువసేపు నిలబడదు. ఇద్దరు స్త్రీలు ఒక రాజ్యరహస్యాన్ని పంచుకుని ఒకే గదిలో బతకడం కన్నా పెద్ద కథ ఇందులో ఏముంది?

ఇదంతా ఏనాటి రాజుల గొడవ అనుకోవడానికి లేదు. నేను కొన్నాళ్ళు పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో సీనియర్ మేడమ్ ఒకావిడ విభాగాధిపతి అయ్యారు. ఏడాది తిరిగేసరికి పనులన్నీ గాడిన పడ్డాయి. స్టాఫ్‌రూమ్‌లో ఆవిడకి దక్కిన మెప్పు, “మగాడిలా నడిపిస్తోందండీ!” తప్పు జరిగిన రోజున మాత్రం “ఎంతైనా ఆడమనిషి కదా” అన్నారు. సమర్థతకి మగపేరు, పొరపాటుకి ఆడపేరు. సినిమాలో రుద్రదేవుడు ఏలుతున్నంతకాలం చల్లగా ఉన్న రాజ్యం, రుద్రమ అని తెలిసిన క్షణాన కూలబోవడం ఈ లెక్క ప్రకారమే.

మరి ఏలిక గురించి చెప్పడానికి ఏమీ దొరకలేదా అంటే, రాళ్ళ మీదే ఉంది. 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. గోళకీమఠం ఆచార్యుడు విశ్వేశ్వర శివుడికి గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమ వెలగపూడిని ఇచ్చారు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఆ దానాల ఆదాయంతో నడిచినవాటిలో విద్యాలయంతోపాటు ఆరోగ్యశాల ఉంది, ప్రసూతిశాల ఉంది. 750 ఏళ్ళ కిందట పురుడుపోసే చోటొకటి రాజ్యం లెక్కల్లోకి ఎక్కింది. ఒక ఆడపిల్ల పుట్టుకను దాచడంతో మొదలయ్యే సినిమాలో ఈ ప్రసూతిశాలకి చోటు దొరకలేదు.

సినిమా వదిలేసింది ఆమె ముసలితనాన్ని కూడా. మనవడు ఎదిగిన వయసులో, కాయస్థ అంబదేవుడు తిరగబడ్డ రోజుల్లో ఆమె కథ ముగిసింది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం లేకపోతే ఆమె ఎప్పుడు పోయిందో మనకి తెలిసేది కాదు. 1289 నవంబరులో దాన్ని వేయించింది రాజులెవరూ కాదు, పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు. శివలోకానికి వెళ్ళిన కాకతి రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమి దానమిచ్చాడు. యుద్ధంలోనే ఇద్దరూ చనిపోయారని చరిత్రకారులు దీన్నిబట్టే ఊహిస్తారు. ఆ సేవకుడు తన దొరసానిని ఆడపేరుతోనే రాయించాడు. ఆ పేరు రాయడానికి అతనికి ఏ రహస్యమూ అడ్డురాలేదు.