షార్లెట్ మేసన్ భూగోళ బోధన: ఇంటివద్ద చదివే కౌమార విద్యార్థులకు ఐరోపా పాఠం – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఇంటివద్ద చదువుకు సిద్ధాంత భూమికను ఏర్పరచినవారిలో ఆంగ్ల విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) ప్రముఖురాలు. 1886లో వెలువడిన 'హోమ్ ఎడ్యుకేషన్' గ్రంథం ద్వారాను, తపాలాలో ఇళ్లకు పాఠ్యక్రమాన్నీ పరీక్షపత్రాలనూ పంపిన విద్యావ్యవస్థ ద్వారాను ఆమె భావాలు వ్యాప్తి చెందాయి. నేటికీ పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పే అనేక కుటుంబాలు ఆమె మార్గాన్ని అనుసరిస్తున్నాయి. భూగోళశాస్త్రం ఆమెకు పక్కవిషయం కాదు. విద్యాసిద్ధాంత గ్రంథాలకు ముందే, 1880ల తొలినాళ్లలో, ఆమె భూగోళ వాచకాలు రచించింది. వాటిలో ఒక సంపుటం పూర్తిగా ఐరోపా దేశాలకు, అక్కడి ప్రకృతికి, ప్రజలకు కేటాయించినది. కనుక ఐరోపాను ఎలా బోధించాలన్న ప్రశ్నకు ఆమె సిద్ధాంతాన్నీ ఆచరణనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

ఊళ్ల పేర్లు, నదుల పొడవులు, ఎగుమతుల జాబితాలు కంఠస్థం చేయించడాన్ని మేసన్ నిరాకరించింది. చెరువును చూసినవాడికి సరస్సు, వాగును చూసినవాడికి మహానది ఊహకు అందుతాయని ఆమె నమ్మకం. పాఠంలో రాబోయే ప్రదేశాలను ముందుగా పటంలో వెతికించి, ఆ తరువాతనే చదివించాలి. చదివినదాన్ని విద్యార్థి సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. ఇది మన బడుల్లోని అప్పజెప్పడం వంటిది కాదు. అప్పజెప్పడంలో వాక్యం పుస్తకానిది, ఇక్కడ వాక్యం పిల్లవాడిది.

ఆమె మరణానంతరం వెలువడిన చివరి గ్రంథంలో భూగోళ బోధనకు రెండు మార్గాలను పేర్కొంది. కొన్ని సాధారణ సూత్రాలు నేర్పి వాటిని అన్నిచోట్లా అన్వయింపజేసే అనుమాన పద్ధతి ఒకటి. ప్రపంచాన్ని ప్రాంతం వెంట ప్రాంతంగా, దృశ్యమాలికలా కళ్లముందు పరచే పద్ధతి రెండవది. ఆమె మొగ్గు రెండవదానివైపే. నేల స్వభావమే జాతి స్వభావాన్ని నిర్ణయిస్తుందన్న వాదం భూగోళశాస్త్రంలో బలంగా ఉన్న కాలంలో సూత్రాన్ని అనుమానించడం చిన్న విషయం కాదు. వియన్నా ఇందుకు మంచి ఉదాహరణ. ఆల్ప్స్, కార్పాతియన్ పర్వతాల నడిమి దారిలో, డాన్యూబ్ ఒడ్డున ఉండటం వల్ల ఆ నగరం పెరిగిందని సూత్రం చెబుతుంది. అయితే 1918కి ముందు సుమారు 5 కోట్ల జనాభా గల సామ్రాజ్యానికి రాజధాని అయిన వియన్నా, యుద్ధానంతరం సుమారు 65 లక్షల జనాభా గల చిన్న దేశానికి రాజధానిగా మిగిలింది. పర్వతాలూ నదీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. సూత్రానికి అందని ఈ మార్పు దృశ్యమాలికకూ అందదు. పదేళ్ల పిల్లవాడికి డాన్యూబ్ లోయ వర్ణన చాలు. పదహారేళ్ల విద్యార్థి ఆ నది ఎవరెవరిదని అడుగుతాడు. మేసన్ వాచకాల కాలంలో డాన్యూబ్‌ను తాకే రాజ్యాలు ఆరు: జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, సెర్బియా, రొమేనియా, రష్యా, పేరుకు ఆటోమన్ సుల్తాను అధీనంలో ఉన్న బల్గేరియా. రెండు ప్రపంచయుద్ధాల మధ్యకాలంలో అవి ఏడు. నేడు పది దేశాలు, నాలుగు రాజధానులు. సుమారు 2,850 కిలోమీటర్ల అదే నదికి మూడు రాజకీయ పటాలున్నాయి. ఒక్క పటాన్ని ముందుంచుకొని ఎంత శ్రద్ధగా తిరిగి చెప్పించినా, ఈ సంఖ్యలు ఎందుకు మారాయన్న ప్రశ్న పుట్టదు.

ఇదే నదిలోని ఆదా కాలే ద్వీపం మరింత ఆలోచింపజేస్తుంది. టర్కులు నివసించిన ఈ చిన్న దీవి ప్రస్తావన 1878 బెర్లిన్ ఒప్పందంలో లేకపోయింది. చుట్టూ ఉన్న నేల చేతులు మారినా, అక్కడ ఆస్ట్రియా-హంగరీ సైన్యం ఉన్నా, చట్టరీత్యా అది ఆటోమన్ భూభాగంగానే కొనసాగింది. 1923 లోజాన్ ఒప్పందంతో రొమేనియా హక్కు స్థిరపడింది. రొమేనియా, యుగోస్లావియా కలిసి నిర్మించిన ఐరన్ గేట్స్ ఆనకట్ట నీటిలో 1970ల ఆరంభానికి ద్వీపమే మునిగిపోయింది. సంధిపత్రంలో ఒక మరపు, విద్యుత్తు అవసరం, ఇళ్లు వదిలివెళ్లిన మనుషులు – ఇవన్నీ భూగోళ పాఠమే. ప్రకృతివర్ణనలో వీటికి చోటు లేదు. ఆనకట్టల కింద ఊళ్లు పోగొట్టుకున్న ప్రాంతాల తెలుగు పాఠకుడికి ఈ లోటు వేరుగా వివరించనక్కరలేదు.

మేసన్ కాలం అలాంటిదని సరిపెట్టుకోవడం కుదరదు. ఆమె రచనలను ఎవరూ కేవలం చరిత్ర పత్రాలుగా చదవడం లేదు, పాఠ్యప్రణాళికకు ఆధారంగా వాడుతున్నారు. పాత పుస్తకాలలో 'ప్రాణం' ఉందన్న మాట ఇంటిచదువు వర్గాల్లో తరచుగా వినిపిస్తుంది. హెండ్రిక్ విలెమ్ వాన్ లూన్ 1932లో ప్రచురించిన భూగోళ గ్రంథం నిజంగానే ప్రాణమున్న రచన. అయితే దానిలోని ఐరోపా పటంలో చెకొస్లొవాకియా, యుగోస్లావియా ఉన్నాయి. ఆ పుస్తకాన్ని తీసేయనక్కరలేదు, తేదీ చెప్పి చదివించాలి. పటానికి కూడా రచయిత, కాలం, ప్రయోజనం ఉంటాయని కౌమార విద్యార్థికి తెలియాలి.

లెంబర్గ్, ల్వూవ్, ల్వోవ్, ల్వీవ్ – ఇవి ఒకే నగరం పేర్లు. ఆస్ట్రియా, పోలండ్, సోవియట్, ఉక్రెయిన్ పాలనలలో పేరు మారుతూ వచ్చింది. మేసన్ కోరినట్లు ఆ ఊరిని ముందుగా పటంలో వెతికిస్తే విద్యార్థికి ఒక చుక్క దొరుకుతుంది. 1900, 1930, 1950, 2000 నాటి పటాలలో వెతికిస్తే ఒక ప్రశ్న దొరుకుతుంది. ఆమె పద్ధతిలోని వెతుకులాటను వదలకుండానే ఈ సవరణ సాధ్యం. తిరిగి చెప్పేటప్పుడు కూడా ఒకే సరిహద్దును ఇరువైపుల వారి దృష్టి నుంచి చెప్పమనవచ్చు.

తెలుగులో ఈ పని చేసేవారికి మరొక అడ్డంకి ఉంది. మన పుస్తకాలలోని ఐరోపా పేర్లలో అధికభాగం ఆంగ్లం మీదుగా వచ్చినవే. జర్మన్లకు దోనావ్, హంగేరియన్లకు దునా, సెర్బులకు దునావ్ అయిన నది మనకు డాన్యూబ్ మాత్రమే. స్థిరపడిన పేరును మార్చనక్కరలేదు. పాఠంలో ఒక్కసారైనా ఆయా తీరాల పేర్లు వినిపిస్తే, ఒకే నీటిని ఎందరు ఎన్ని భాషల్లో తమదిగా పిలుచుకుంటున్నారో విద్యార్థికి తెలుస్తుంది.