అద్దం పట్టిన పరీక్షనాళిక

డిగ్రీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో చీటీ లేని సీసా చేతికిచ్చి "ఇదేమిటో చెప్పు" అంటారు. లోపల రంగులేని ద్రవం. ముక్కు ముందే చాడీ చెప్పేస్తుంది: చేదు బాదం వాసనైతే బెంజాల్డిహైడ్, గోళ్లరంగు తుడిచే మందు వాసనైతే అసిటోన్. ముక్కును నమ్మి రాసిన జవాబుకు మార్కులు మాత్రం పడవు.

మొదట డీఎన్‌పీ అనే కారకం వేస్తాం. పసుపో నారింజో అవక్షేపం దిగితే కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ జంట బంధం) ఉన్నట్టే. అది ఆల్డిహైడా, కీటోనా? తేడా ఒక్క హైడ్రోజన్. కీటోన్‌లో కార్బొనిల్‌కు రెండు పక్కలా కార్బన్లే ఉంటాయి. ఆల్డిహైడ్‌లో కనీసం ఒక పక్క హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి అది ఇట్టే ఆక్సీకరణం చెంది ఆమ్లమవుతుంది. ఎదుట వెండి అయాన్లుంటే వాటికి ఎలక్ట్రాన్లు అప్పగిస్తుంది; అవి వెండి లోహమై గాజుకు పూతగా అంటుకుంటాయి. టోలెన్స్ పరీక్ష కిటుకంతా ఇదే. ఈ వెండి పూతను 1835లోనే రసాయనవేత్త లీబిగ్ గమనించాడు. పేరు మాత్రం తర్వాత గోటింగెన్‌లో చక్కెరల మీద పనిచేసిన టోలెన్స్‌కు దక్కింది.

చెయ్యడంలోనే ఉంది పనితనం. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఒక చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే గోధుమరంగు మడ్డి పడుతుంది. దాని మీద పలచని అమోనియా చుక్కచుక్కగా వెయ్యాలి. మడ్డి కరిగీ కరగగానే చెయ్యి ఆగాలి. అమోనియా ఎక్కువైతే పరీక్ష మొద్దుబారుతుంది. నాళిక కంటికి శుభ్రంగా ఉంటే చాలదు. కాస్త జిడ్డున్నా వెండి గాజుకు అంటుకోక నల్లపొడిగా రాలిపోతుంది. రెండు చుక్కల ఆల్డిహైడ్ వేసి, గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి, కదపకుండా ఊరుకోవాలి. ముందు పొగచూరినట్టుంటుంది. అంతలో ఒక పక్క తళుక్కుమంటుంది. చూస్తుండగానే గాజు చుట్టూ వెండి పాకి, వంగి చూస్తున్నవాడి ముఖం సాగిపోయి అందులో కనిపిస్తుంది. అసిటోన్ వేసిన పక్క నాళిక ఉలకదు, పలకదు.

ఫెహ్లింగ్ ద్రావణం కూడా ఇదే కోవలోది, వెండి బదులు రాగి. నీలం పోయి ఇటుక ఎరుపు దిగుతుంది. దాని తోబుట్టువు బెనెడిక్ట్ ద్రావణంతోనే, గ్లూకోజ్‌లోని ఆల్డిహైడ్ గుణాన్ని ఆసరా చేసుకుని, మూత్రంలో చక్కెర పట్టేవారు. బెంజాల్డిహైడ్ దగ్గర మాత్రం జాగ్రత్త: టోలెన్స్‌కు అద్దమిస్తుంది, ఫెహ్లింగ్‌కు లొంగదు. ఏటా సగం క్లాసు బోల్తాపడేది ఇక్కడే.

ఈరోజుల్లో ఇన్‌ఫ్రారెడ్ యంత్రం 1700 సెం.మీ⁻¹ చుట్టుపక్కల ఒక గీత గీసి కార్బొనిల్ సంగతి నిమిషంలో తేల్చేస్తుంది. దాంతో నాకు పేచీ లేదు. కానీ ఆ గీత చూసి పక్కబల్లవాణ్ణి కేకేసి పిలిచిన కుర్రాణ్ణి నేనింతవరకు చూడలేదు.

వెండి నాళికను ఇంటికి పట్టుకెళ్తామని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బాగా కడిగి ఇచ్చేస్తాను. మిగిలిన ద్రావణాన్ని మాత్రం దాచనివ్వను. నిలవుంటే అందులో పేలే గుణమున్న వెండి సమ్మేళనాలు తయారవుతాయి. ఆ పూటే పలచని నైట్రిక్ ఆమ్లం పోయించి, వెండి వ్యర్థాల సీసాలోకి వంపిస్తాను.